మే నెల డైనో షీట్‌లో తగ్గిన 3 హార్స్‌పవర్ ఎక్కడికి పోయింది?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా రాస్తాను, కొత్తగా చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీది 1.2 లీటర్ల పెట్రోల్ స్విఫ్ట్. డిసెంబరులో ఒక ఉదయం హైదరాబాద్‌లోనే డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పించి పవర్ కొలిచే యంత్రం) ఎక్కిస్తే చక్రాల దగ్గర 74.2 హార్స్‌పవర్ వచ్చింది. తర్వాత కంపెనీ ఎయిర్ బాక్స్ తీసేసి ఓపెన్ కోన్ ఎయిర్ ఫిల్టరు, ఫ్రీ ఫ్లో ఎగ్జాస్టు వేయించారు. మే నెలలో ఒక మధ్యాహ్నం అదే డైనో మీద మళ్లీ ఎక్కిస్తే 71 వచ్చింది. డబ్బు పెట్టి మరీ పవర్ పోగొట్టుకున్నానా, పని చేసినవాళ్లు మోసం చేశారా అని అడుగుతున్నారు.

పవర్ పోలేదు. ఆ రెండు రోజుల మధ్య మారింది గాలి. అలాగని ఆ పార్టుల వల్ల పవర్ బాగా పెరిగిందని కూడా ఈ షీట్లు చూసి చెప్పలేం. నేను నాచారంలో 11 ఏళ్లుగా డైనో నడుపుతున్నాను. ఏటా ఏప్రిల్ రాగానే ఇదే ప్రశ్నతో కనీసం పదిమంది వస్తారు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

మీరు రెండు షీట్లూ పెట్టడం చాలా మంచి పని. డిసెంబరు షీట్ కింద చిన్న అక్షరాల్లో 19 డిగ్రీలు, 953 మిల్లీబార్లు, తేమ 65 శాతం అని ఉంది. మే షీట్ కింద 42 డిగ్రీలు, 944 మిల్లీబార్లు, తేమ 22 శాతం. చాలామంది పైన గ్రాఫు, పెద్ద అంకె చూసి షీట్ మడిచి జేబులో పెట్టుకుంటారు. నిజానికి ముందు చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే.

ఇంజిన్ పెట్రోలుతో నడుస్తుందని అంటాం గానీ, ఎంత పవర్ ఇవ్వగలదో తేల్చేది గాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్ కలిపిన పెట్రోలుకైతే ఇంకొంచెం తక్కువ. పెట్రోలు కావాలంటే ఇంజెక్టర్లు ఇంకాస్త పోయగలవు. గాలిని మాత్రం ఇంజిన్ తన సిలిండర్లు పట్టినంతే పీల్చుకుంటుంది. సిలిండర్ సైజు మారదు, కానీ అందులో పట్టే గాలి బరువు మారుతుంది. మీ డిసెంబరు ఉదయం ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 1.13 కిలోలు తూగేది. మే మధ్యాహ్నం అదే ఘనపు మీటరు 1.04 కిలోలే. వేడికి గాలి పలచబడింది, దానికి తోడు ఆ రోజు వాతావరణ పీడనం కూడా కాస్త తక్కువగా ఉంది. రెండూ కలిసి గాలి బరువును 8 శాతం తగ్గించాయి.

అలాగైతే పవర్ కూడా 8 శాతం తగ్గాలి కదా అని అడుగుతారు. అంత తగ్గదు. చల్లని గాలి ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టాలు) గుండా, వేడెక్కిన పోర్టుల గుండా, వాల్వుల పక్కగా వెళ్తూ ఎక్కువ వేడి తీసుకుంటుంది. ముందే వేడిగా ఉన్న గాలి అంత తీసుకోదు. కాబట్టి బయట 23 డిగ్రీల తేడా ఉన్నా సిలిండర్‌లోకి చేరేసరికి ఆ తేడా తగ్గిపోతుంది. ఎస్ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) వాళ్ల కరెక్షన్ సూత్రంలో ఉష్ణోగ్రతను నేరుగా వాడకుండా దాని వర్గమూలం తీసుకోవడం వెనక ఉన్న విషయం ఇదే.

ఆ సూత్రం పేరు ఎస్ఏఈ జె1349. ఏ రోజు, ఏ ఊళ్లో పరీక్షించినా ఫలితాన్ని ఒకే గాలికి మార్చి చెప్పడానికి దాన్ని పెట్టుకున్నారు. ఆ ఊహా గాలి 25 డిగ్రీలు, పొడిగాలి పీడనం 990 మిల్లీబార్లు. మీ రెండు షీట్ల మీదా కరెక్షన్ అనే చోట అన్‌కరెక్టెడ్ అని ఉంది, అంటే ఆ రోజు రోలర్ల దగ్గర వచ్చిన పచ్చి అంకెలు మీ దగ్గరున్నాయి. లెక్క మనమే వేసుకోవచ్చు.

మొత్తం పీడనంలోంచి తేమ వాటా తీసేస్తే పొడిగాలి పీడనం వస్తుంది. మీ విషయంలో డిసెంబరుకు 939, మేకు 926. 990ని ఈ అంకెతో భాగించండి. ఉష్ణోగ్రతకు 273 కలిపి, 298తో భాగించి, వర్గమూలం తీయండి. ఈ రెండింటినీ గుణించండి. వచ్చినదాన్ని 1.18తో గుణించి అందులోంచి 0.18 తీసేస్తే కరెక్షన్ ఫ్యాక్టర్. డిసెంబరుకు 1.052, మేకు 1.117 వస్తుంది.

ఈ 1.18, 0.18 ఎక్కడినుంచి వచ్చాయో చెప్పకుండా వదిలేస్తే అది మంత్రంలా ఉండిపోతుంది. దుకాణంలో అమ్మకం తగ్గిన నెలలో అద్దె తగ్గదు కదా, ఇదీ అంతే. గాలి తగ్గితే సిలిండర్‌లో మంట తగ్గుతుంది, కానీ పిస్టన్ల రాపిడి, ఆయిల్ పంపు, వాల్వు ట్రైను తినే పవర్ తగ్గదు. పుట్టిన పవర్‌లో దాదాపు 15 శాతం అలా రాపిడికి పోతుందని ఎస్ఏఈ అనుకుంది. మంటకే కరెక్షన్ వేసి, రాపిడిని ముట్టుకోకుండా ఉంచడానికి ఆ అంకెలు.

ఇప్పుడు మీ లెక్క. డిసెంబరు 74.2 ఆ ప్రామాణిక గాలిలో 78 అవుతుంది. మే 71 అదే గాలిలో 79.3 అవుతుంది. ఇదే విషయం ఇంకోలా చూడండి: డిసెంబరు నాటి కారును ఒక్క బోల్టు కూడా మార్చకుండా మే మధ్యాహ్నం ఎక్కించి ఉంటే 70 దగ్గర వచ్చేది. మీకు 71 వచ్చింది.

అయితే ఆ 1.3 హార్స్‌పవర్‌ను పార్టుల ఖాతాలో వేయలేను. ఒకే కారును ఒకే గంటలో మూడుసార్లు లాగిస్తే అంకెలు 1 నుంచి 2 శాతం అటూ ఇటూ అవుతాయి. మీ కారుకు అంటే ఒకటి, ఒకటిన్నర హార్స్‌పవర్. మీ తేడా సరిగ్గా ఆ హద్దులోనే ఉంది. పైగా ఇంకో ఇబ్బంది ఉంది, అది హైదరాబాద్‌లో మనందరికీ వర్తిస్తుంది.

ఈ సూత్రాలు ఏ వేడికైనా పనిచేసేవి కావు. 15 నుంచి 35 డిగ్రీల మధ్య గాలికే అని ప్రామాణికాల్లోనే ఉంది. యూరప్ వైపు వాడే ఐఎస్ఓ 1585లో అయితే ఫ్యాక్టర్ 0.93 నుంచి 1.07 లోపల ఉండాలి, దాటితే ఏ పరిస్థితుల్లో పరీక్షించారో రిపోర్టులో స్పష్టంగా రాయాలి అంటారు. మీ మే షీట్ 42 డిగ్రీల దగ్గర, 1.117 దగ్గర ఉంది, రెండు హద్దులూ దాటింది. మన ఊళ్లో మార్చి చివరి నుంచి మృగశిర వచ్చేదాకా మధ్యాహ్నాలు ఎక్కువగా ఈ హద్దు బయటే ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రేకుల షెడ్డు కింద డైనో రూములో ఆ వేడి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

35 డిగ్రీలు దాటాక సూత్రం ఎందుకు తప్పుతుందంటే, ఇంజిన్ తనంతట తాను ప్రవర్తన మార్చుకుంటుంది. ఇంటేక్ గాలి బాగా వేడెక్కితే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి తనంతట తాను పేలడం) భయం ఉంటుంది. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఆ వేడిని సెన్సార్‌తో చూసి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, అంటే స్పార్కును ఆలస్యం చేస్తుంది, నాక్ సెన్సార్‌కు చప్పుడు అందితే ఇంకొంచెం లాగుతుంది. టైమింగ్ తగ్గితే పవర్ తగ్గుతుంది. ఇది గాలి బరువుతో సంబంధం లేని నష్టం, వర్గమూలాల లెక్కలో ఎక్కడా లేదు. మామూలు పెట్రోలుతో వచ్చిన కార్లలో ఈ నష్టం ఎక్కువగా చూశాను. అందుకే మే మధ్యాహ్నం షీట్‌కు ఎంత కరెక్షన్ వేసినా డిసెంబరు షీట్‌తో తూకం సరిపోదు.

ఇప్పుడు మన ఊరి ఎత్తు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నిజమైన వాతావరణ పీడనం 950 మిల్లీబార్ల చుట్టూ ఉంటుంది. విశాఖ బీచ్ పక్కన 1010 దగ్గర ఉండేది ఇక్కడికి వచ్చేసరికి 6 శాతం తక్కువ. అదే కారు, అదే వేడి, అయినా విశాఖలో ఎక్కువ చూపిస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకొకటి: ఫోనులో వాతావరణం యాప్ చూపించే పీడనం మన ఊరిది కాదు. సముద్రమట్టానికి మార్చి చూపిస్తారు. అందుకే యాప్‌లో హైదరాబాద్‌కు కూడా 1008 అనో 1012 అనో కనబడుతుంది. డైనో వెదర్ స్టేషన్ పాడైపోయినప్పుడు యాప్ చూసి చేత్తో కొట్టేవాళ్లను నేను చూశాను. అలా కొడితే సాఫ్ట్‌వేర్ మనం సముద్రం పక్కన ఉన్నామనుకుని కరెక్షన్ తగ్గించేస్తుంది, మీ కారు ఏడెనిమిది శాతం బలహీనంగా కనబడుతుంది. ఎవరైనా షీట్ ఇచ్చినప్పుడు పీడనం 1000 దాటి ఉంటే, ఆ డైనో హైదరాబాద్‌లోనే ఉంటే, ఆ షీట్‌ను నమ్మకండి. పచ్చి అంకె అడిగి తీసుకోండి.

వానాకాలం గురించి కూడా ఒక అపోహ ఉంది. జూలైలో చల్లబడింది కాబట్టి పవర్ బాగా వస్తుందనుకుంటారు. ఫిబ్రవరిలో 28 డిగ్రీలు, తేమ 35 శాతం ఉన్న రోజునూ, జూలైలో 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న రోజునూ పోల్చండి. మొదటి రోజు నీటి ఆవిరి వాటా 13 మిల్లీబార్లు, రెండో రోజు 32. ఆ ఆవిరి ఆక్సిజన్ ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. వేడి ఒకటే అయినా పవర్‌లో 2 శాతం పైగా తేడా అక్కడే వచ్చేస్తుంది. అయితే మే మధ్యాహ్నం కంటే జూలై ఉదయం నయమే, అందులో సందేహం లేదు.

షీట్ మీద రాసిన 42 డిగ్రీలు ఎక్కడ కొలిచిందన్నది కూడా అడగాలి. నా సొంత అనుభవం చెబుతాను. మొదటి ఏడాది నేను ఉష్ణోగ్రత ప్రోబును గోడకు బిగించాను, రేడియేటర్ వేడి వచ్చి తగిలే వైపు. మూడు పుల్స్ (పుల్ అంటే రోలర్ల మీద ఒకసారి పూర్తి యాక్సిలరేటర్‌తో లాగించడం) అయ్యేసరికి అది 47 చూపించేది, కారు పీల్చుకునే చోట మాత్రం 39 ఉండేది. డిగ్రీకి దాదాపు 0.2 శాతం చొప్పున కరెక్షన్ ఎక్కువ పడిపోయి, ప్రతి కారుకూ ఒకటిన్నర శాతం లేని పవర్ చూపించాను. ఒక కస్టమరు మూడో పుల్‌లో అంకె ఎందుకు పెరిగిందని అడిగితే అప్పుడు బయటపడింది. వేడెక్కిన కారు మూడో పుల్‌లో తగ్గాలి గానీ పెరగకూడదు. ప్రోబు ఇంటేక్ నోటికి దగ్గరగా, ఫ్యాను గాలిలో ఉండాలి. అప్పటినుంచి కారుకారుకూ అక్కడికి జరుపుతున్నాను.

మీ కోన్ ఫిల్టర్ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. కంపెనీ ఎయిర్ బాక్స్ ముందు గ్రిల్ పక్కనుంచి, బయటి గాలిని తీసుకుంటుంది. ఓపెన్ కోన్‌కు హీట్ షీల్డ్ లేకపోతే బానెట్ కింద మరిగిపోతున్న గాలిని పీలుస్తుంది. డైనో మీద బానెట్ తెరిచి ఎదురుగా పెద్ద ఫ్యాను పెడతారు కాబట్టి అక్కడ ఆ లోపం బయటపడదు. రోడ్డు మీద బానెట్ మూసి ఉంటుంది. మే నెల సాయంత్రం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఆగితే ఇంటేక్ గాలి 60 డిగ్రీలు దాటడం నేను చాలా కార్లలో చూశాను. సిగ్నల్ పడ్డాక కారు బరువుగా లాగుతోందని అనిపిస్తే అది మీ భ్రమ కాదు. ఒక చవక ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ లెక్కలను ఫోనులో చూపించే చిన్న పరికరం) కొని ఇంటేక్ ఉష్ణోగ్రత చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 80లో నిలకడగా వెళ్లేటప్పుడు బయటి వేడి కంటే ఐదు నుంచి ఎనిమిది డిగ్రీలు ఎక్కువ ఉంటే ఫర్వాలేదు. 15, 20 ఎక్కువ ఉంటే ఆ ఫిల్టర్ మీకు నష్టమే చేస్తోంది. శబ్దం నచ్చితే ఉంచుకోండి, కానీ చుట్టూ షీల్డ్ కట్టించి ముందునుంచి చల్లగాలి పైపు వేయించండి.

ఈ ప్రశ్న కింద ఇంకొకరు తన టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ కారు మేలో కూడా ఎస్ఏఈ కరెక్షన్‌తో చాలా బాగా వచ్చిందని రాశారు. దానికి కారణం వేరే. టర్బో కార్లలో ఈసీయూ ఫలానా టార్క్ కావాలని అనుకుని, దానికి తగిన పీడనం మానిఫోల్డ్‌లో వచ్చేదాకా టర్బోను తిప్పుతుంది. మన ఊరి ఎత్తులో బయటి పీడనం తక్కువైనా, టర్బోకు ఓపిక ఉన్నంత వరకు ఆ లోటు తనే పూడ్చేస్తుంది. ఇంజిన్ పోగొట్టుకోని 6 శాతాన్ని సాఫ్ట్‌వేర్ తిరిగి కలిపితే 110 కాస్తా 117 అవుతుంది. హైదరాబాద్‌లో టర్బో కార్ల షీట్లు అంత అందంగా కనబడటానికి పెద్ద కారణం ఇది. టర్బో కారుకు నేను ఎప్పుడూ పచ్చి అంకె ఇస్తాను, కరెక్షన్ వేసినది అడిగితేనే పక్కన రాస్తాను.

పీడనం విషయంలో టర్బోకు లాభం ఉన్నా, వేడి దాన్ని గట్టిగానే దెబ్బతీస్తుంది. ఒత్తిడిని రెట్టింపు చేసే టర్బో, 70 శాతం సామర్థ్యం అనుకుందాం. 19 డిగ్రీల గాలి కంప్రెసర్ దాటి బయటికి వచ్చేసరికి 110 డిగ్రీలు అవుతుంది. 42 డిగ్రీల గాలి 141 అవుతుంది. టర్బో దాటిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెరిగిన వేడిలో 70 శాతం తీసేసినా, ఇంజిన్‌లోకి వెళ్లేది ఒక చోట 46, ఇంకో చోట 72 డిగ్రీలు. 72 దగ్గర పెట్రోల్ ఈసీయూ టైమింగ్ లాగకుండా ఉండదు. డైనో ఫ్యాను గాలి రోడ్డు మీద 100 వేగంలో వచ్చే గాలికి సాటి రాదు కాబట్టి రెండో పుల్‌కే ఇంటర్‌కూలర్ వేడి పట్టుకుని కూర్చుంటుంది. పుల్‌కూ పుల్‌కూ మధ్య ఐదు నిమిషాలు ఫ్యాను ముందు ఉంచాలి. డీజిల్ టర్బోలకు నాకింగ్ గొడవ లేదు, కానీ వేడి మరీ ఎక్కువైతే అక్కడా ఈసీయూ డీజిల్ తగ్గిస్తుంది.

ఎస్టీడీ అని ఇంకో కరెక్షన్ ఉంది, అది ఎస్ఏఈ కంటే సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఎవరి అంకెతోనైనా పోల్చుకునే ముందు షీట్ మీద ఏది ఉందో చూడండి. కంపెనీ చెప్పే 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) ఇంజిన్ దగ్గరి లెక్క, మీది చక్రాల దగ్గరి లెక్క, వాటిని పక్కపక్కన పెట్టి కంగారు పడొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రెండు వేర్వేరు నెలల షీట్లు పోల్చడం మానేసి, ఒకే ఉదయం రెండు రకాలుగానూ కొలిపించండి. పాత ఎయిర్ బాక్స్ ఇంట్లోనే ఉందని రాశారు, అది తీసుకెళ్లండి. ఎగ్జాస్ట్ మార్చడం గంటల పని, దాన్ని అలాగే ఉంచండి, ఫిల్టర్ ఒక్కటీ తేలినా చాలు. ముందురోజు రాత్రే కారు గ్యారేజ్‌లో పెట్టి, ఉదయం ఏడింటికల్లా మొదలుపెట్టమనండి. మే చివర్లో కూడా ఆ వేళ 30 దగ్గరే ఉంటుంది. గేర్ బాక్స్ ఆయిల్, టైర్లు వేడెక్కేదాకా రోలర్ల మీద పది నిమిషాలు నిదానంగా తిప్పాలి, చల్లని గేర్ బాక్స్ మీద వచ్చిన మొదటి పుల్ లెక్కలోకి తీసుకోకూడదు. టైర్లలో గాలి అన్ని విడతలకూ ఒకటే ఉండాలి, స్ట్రాపులు మధ్యలో విప్పకూడదు, గేరు మారకూడదు.

కోన్ ఫిల్టర్‌తో మూడు పుల్స్, ఎయిర్ బాక్స్ బిగించి మూడు, మళ్లీ కోన్ పెట్టి రెండు. ఈ చివరి రెండు చాలామంది వదిలేస్తారు. ఈలోపు రోజు వేడెక్కుతుంది కాబట్టి, మొదటి కోన్ అంకెకూ చివరి కోన్ అంకెకూ ఎంత తేడా వచ్చిందో అంత తేడా వాతావరణానిది, ఫిల్టర్‌ది కాదు. అన్ని పుల్స్‌లోనూ బానెట్ మూసే ఉంచమని గట్టిగా చెప్పండి. ఇంటేక్ ఉష్ణోగ్రత లాగ్ చేయమనండి. ఎనిమిది పుల్స్‌కీ పచ్చి అంకెలతో షీట్లు తీసుకోండి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో అడిగినా ఇస్తారు. అవి ఇక్కడ పెడితే నేను కూర్చుని లెక్క వేసి పెడతాను.